అన్నయ్యకు వినపడని పిట్టలు

ఆ ఏడు పుష్యమాసంలో కూడా మా ఇంట్లో ఫాను ఆగలేదు. "జనవరిలో ఫానేమిటి, జలుబు చేస్తుంది" అని మా ఆయన, "నా చెమట మీరొచ్చి తుడుస్తారా?" అని నేను, రోజూ పడుకోబోయే ముందు ఒక విడత వాదించుకునేవాళ్ళం. పెట్టెలోంచి తీసిన స్వెట్టర్లు కలరా ఉండల వాసనతో కుర్చీ మీద అలాగే పడి ఉన్నాయి. కోఠీ వైపు వెళ్తే, స్వెట్టర్లమ్ముకోవడానికి ఎక్కడో మంచుకొండల నుంచి దిగివచ్చినవాళ్ళు అట్టముక్కలతో విసురుకుంటూ కూర్చున్నారు. "ఈసారి హాయిగా ఉంది కదండీ" అనేవాళ్ళు బ్యాంకులో అందరూ. నాకు హాయిగా లేదు. మా శ్రీనగర్ కాలనీలో మామిడిచెట్లు సంక్రాంతికి ముందే పూతకొచ్చేశాయి. వేసవిలో కొట్టాల్సిన కంసాలి పిట్ట పట్టపగలు టంగు టంగుమని మొదలుపెట్టింది. వేసవికి ఏదో సర్దుకుని ఉండాల్సింది, సర్దుకోలేదు, ఈలోపే అది వచ్చేసింది అన్నట్టు ఒకటే గాభరాగా ఉండేది. ఆ మాట అంటే మా ఆయన "నీకు చలేసినా గొడవే, వెయ్యకపోయినా గొడవే" అన్నారు. అది నిజమే కావచ్చు గానీ, ఆ ఏడు నేను గాభరా పడింది ఊరికే కాదు.

నేను జువాలజీ చదివి బ్యాంకు కౌంటర్ వెనక తేలినదాన్ని. పిట్టల పిచ్చి మాత్రం చదువు వల్ల వచ్చింది కాదు, మా అన్నయ్య వల్ల వచ్చింది. బందరులో మా చిన్నప్పుడు వాడు మడ అడవుల వైపు సైకిలు మీద తీసుకెళ్ళి, కళ్ళు మూసుకుని పిట్టల పేర్లు చెప్పేవాడు. నాకు పిట్ట కనపడాలి, వాడికి వినపడితే చాలు. ఆ చెవులు పట్టుకునే మద్రాసు వెళ్ళాడు. రికార్డింగ్ థియేటర్లో వైర్లు చుట్టే పనితో మొదలుపెట్టి సౌండ్ ఇంజనీరు అయ్యాడు. సినిమాలో మాటలు, పాట, అడుగుల చప్పుడు, వాన, అన్నీ వేరు వేరుగా వస్తాయి. వాటన్నిటినీ ఏది ఎంత వినపడాలో తూచి ఒకటిగా కలిపేవాడు మా అన్నయ్య. దాన్ని మిక్సింగ్ అంటారు.

సినిమావాళ్ళు ఒక్కొక్కరే మద్రాసు వదిలి హైదరాబాదు వచ్చేస్తున్న రోజులవి. ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోవాళ్ళు కొత్త రికార్డింగ్ థియేటర్ కట్టి అన్నయ్యను పిలిచారు. ముందు తనొక్కడే వచ్చి ఒక మేడమీద వాటా తీసుకున్నాడు. పిల్లల పరీక్షలయ్యాక వేసవిలో వదిన మద్రాసు ఇల్లు ఖాళీ చేసి వచ్చెయ్యాలి. కొత్త ఊరు, కొత్త బళ్ళు, కొత్త కాపురం, అన్నీ వాడి రెండు చెవుల మీద నిలబడి ఉన్నాయి. ఆ చెవుల సంగతి నాకు తెలిసిన రోజు గురించే ఇదంతా.

అంతకు ముందు దీపావళికి వాడు పనిచేసిన సినిమా ఒకటి వచ్చింది. హీరోయిన్ నడిచొస్తుంటే గజ్జెలు చెవుల్లో సూదులు గుచ్చినట్టు మోగాయి. విలన్ "సర్వనాశనం" అంటే అందులో ఉన్న సకారం, శకారం రెండూ ఈలలు వేశాయి. నా పక్కనావిడ కొంగు చెవులకి అడ్డం పెట్టుకుంది. ఆ రాత్రే ఫోన్ చేసి కడిగేశాను.

"ఏం మిక్సింగ్ అన్నయ్యా అది? గజ్జెలా, గాజుపెంకులా?"

"ఆ థియేటర్ వాడి స్పీకర్లు చెత్తవే."

"నేను రెండు చోట్ల చూశాను."

"రెండు చోట్లా చెత్తవే."

"నువ్వు తప్ప ఊళ్ళో అందరూ చెత్తే!" అని ఫోన్ పెట్టేశాను. మాకిద్దరికీ అది మామూలే. తర్వాత ఒకటి రెండు చోట్ల వేరేవాళ్ళు కూడా ఆ మాటే అన్నారని, స్టూడియోలో గుసగుసలాడుకుంటున్నారని మా ఆయన ఎవరి దగ్గరో విని వచ్చి చెప్పారు. ఇంకొక్క సినిమా అలా అయితే ఇంక పిలవరట. సినిమా ఊళ్ళో పొమ్మని ఎవరూ చెప్పరు, ఫోన్ మోగడం ఆగిపోతుంది, అంతే.

జనవరిలో ఒక శుక్రవారం అన్నయ్య ఫోన్ చేశాడు. "ఏమే, ఆదివారం ఖాళీయేనా? బండల్లోకి వెళ్దాం, తెల్లవారుఝామున."

సోమవారం నుంచి పెద్ద సినిమా మిక్సింగ్ ఉంది. అందులో కొండల మధ్య తెల్లవారే సీను ఒకటి ఉందట. తెలుగు సినిమాలో ఏ నెలైనా ఏ ఊరైనా తెల్లవారితే కోయిల కూస్తుంది. ఆ కోయిల ఒక్కటే. మద్రాసులో ఎవరో ఎప్పుడో పట్టిన టేపు, ముక్కలు చేసి అందరూ వాడుకుంటారు. చలికాలంలో కోయిలేమిటని నేను వాడిని ఏళ్ళ తరబడి దులిపేదాన్ని. ఈ డైరెక్టరు కుర్రాడు కూడా నాలాంటివాడే కాబోలు, నిజం తెల్లవారుఝాము కావాలన్నాడట.

"కానీ పిట్టలే రాలేదే ఈ ఏడాది," అన్నాడు అన్నయ్య. "నెల రోజులుగా తిరుగుతున్నాను. పెద్దవి ఉన్నాయి. సన్నగొంతు పిట్ట ఒక్కటి లేదు. చలి లేదు కదా, ఉత్తరాది నుంచి వలస దిగలేదు."

"మా పెరట్లో పొద్దున్నే గోల పెడుతున్నాయే!"

"నీ పెరట్లో పిచ్చుకలుంటాయి."

"నాకు పిచ్చుకకీ, చలికాలం దిగే ఆకుపిట్టకీ తేడా తెలియదా? డిగ్రీ ఎందుకిచ్చారంటావు నాకు?"

"అదే నేనూ అడుగుతుంటాను" అని నవ్వి పెట్టేశాడు.

ఆదివారం చీకటి ఉండగానే కారు తెచ్చాడు. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి, తారు అయిపోయి మట్టిరోడ్డు మొదలైన చోట ఆపాడు. అప్పట్లో అక్కడ ఇళ్ళ కన్నా బండలే ఎక్కువ. ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి మరిచిపోయినట్టుండేవి. బండల సందుల్లో సీతాఫలం పొదలు, ముళ్ళచెట్లు. టేపు మీద శబ్దం పట్టే మెషీను, మైకు, హెడ్‌ఫోన్లు మోసుకుని ఎక్కాం. మామూలుగా అయితే ఆ నెలలో, ఆ వేళకి, కింద ఫిల్మ్ నగర్ మీద మంచు పరుచుకుని మేడల పైభాగాలు మాత్రం తేలుతూ కనపడేవి. ఆ రోజు మంచు లేదు. అన్నీ ఉన్నవి ఉన్నట్టు, మరీ దగ్గరగా కనపడ్డాయి: స్టూడియో రేకుల కప్పు, వరసగా నిలబెట్టిన నీళ్ళ ట్యాంకర్లు, జనరేటర్ వాను. గాలి లేదు. ఎక్కేసరికే జాకెట్టు వీపుకి అంటుకుపోయింది.

పోయిన ఏడాది చూసిన బండలు సగం లేవు. ఉన్నవాటి మీద ఎర్రరంగుతో ప్లాటు నంబర్లు. కొన్నిటికి వరసగా బెజ్జాలు తొలిచి ఉన్నాయి. పగిలిన బండల లోపలి భాగం పచ్చిమాంసంలా ఎర్రగా ఉంది. ఒక బెజ్జాల బండ మీద పాము ఒకటి బారుగా పడుకుని ఉంది. జనవరిలో పాము కన్నంలో ఉండాలి. మమ్మల్ని చూసి కూడా తొందరేమీ లేనట్టు జారిపోయింది. "చూశావా, వీటికి కూడా నెలలు తెలియడం లేదు" అన్నాడు అన్నయ్య. నేను వెనక్కి వెళ్దామన్నాను. "పాముకి భయపడ్డావా, జువాలజీ?" అన్నాడు. భయం పాముకి కాదు. దేనికో నాకూ తెలియదు కనక, "నీకు భయపడ్డాను" అనేసి ముందుకి నడిచాను.

సీతాఫలం పొదల పక్కన చదునుగా ఉన్న చోట మెషీను పెట్టి, మైకుని ఒక కర్రకి కట్టి, అన్నయ్య హెడ్‌ఫోన్లు తగిలించుకుని కళ్ళు మూసుకున్నాడు. ఆ మెషీను మీద గాజుబిళ్ళ కింద ఒక మీటరు ఉంటుంది. శబ్దం పడితే అందులో ముల్లు లేస్తుంది, లేకపోతే పడుకుంటుంది. నేను దాని పక్కనే చతికిలబడ్డాను. కొంచెం సేపటికి తూర్పు తెల్లబడింది.

"ఎవరెవరున్నారు?" అని అడిగాను.

"గువ్వ. ఆ వెనక జెముడుకాకి. అంతే."

"ఈ పొదలో?"

"పొదలో ఏముంది?"

"చిక్, చిక్ అని చంపేస్తోందిగా! ఆకుపిట్ట. ఒకటి కాదు, రెండు. అదిగో ఆ పైన ఇంకేదో సన్నగా సాగదీస్తోంది."

అన్నయ్య కళ్ళు తెరిచి నావైపు జాలిగా చూశాడు. "నీకు ఆశ ఎక్కువే. లేనివి కూడా వినపడతాయి. ఈ ఏడాది రాలేదని చెప్పానా?"

"వినపడేది వినపడుతుంటే రాలేదంటావేమిటి?"

"ముప్పై ఏళ్ళుగా వినడం నా పని. నీ పని చెక్కుల మీద ముద్రలు కొట్టడం."

ఇంకో రోజైతే ఆ మాటకి మధ్యాహ్నం దాకా సరిపోయే జవాబు చెప్పేదాన్ని. నోరు తెరిచాను కూడా. అప్పుడే ఎండిన కొమ్మ మీదకి ఒక తేనెపిట్ట వచ్చి వాలింది. మగది, నల్లగా, ఎండ పడితే ఊదారంగు తిరుగుతూ. మైకుకి మూరెడు దూరం కూడా లేదు. తల అటూ ఇటూ తిప్పుతూ, గొంతు వణికిపోయేలా, బొటనవేలంత ఒళ్ళు మొత్తం పెట్టి పాట ఎత్తుకుంది. ఆ చిన్న పిట్టలో అంత గొంతు ఎక్కణ్ణుంచి వస్తుందో గానీ చెవులు జిల్లుమన్నాయి. అన్నయ్య కూడా దాన్నే చూస్తున్నాడు. చెయ్యి చాపి నా భుజం మీద మెల్లిగా తట్టాడు.

"చూడవే పాపం. ఎలా నోరు తెరిచి రొప్పుతోందో. జనవరిలో ఎండదెబ్బ."

ముందు నవ్వాను. పరాచికం అనుకున్నాను. వాడి మొహం చూస్తే పరాచికం లేదు. కళ్ళల్లో నిజంగానే ఆ పిట్ట మీద జాలి ఉంది. పిట్ట ఇంకా పాడుతూనే ఉంది. నేను మీటరు వైపు చూశాను. ముల్లు ఎర్రగీత దాకా లేచి కొట్టుకుంటోంది. నా చూపు వెంట వాడి చూపూ అటు వెళ్ళింది.

"గాలి," అన్నాడు. "మైకుకి గాలి కొడుతోంది."

మా తలల మీద సాలెపురుగు దారం ఒకటి రెండు కొమ్మల మధ్య వేలాడుతోంది. అది కూడా కదలడం లేదు. ఆ సంగతి చెప్పలేదు నేను. నా ఒంటి మీద రోమాలు లేచాయి. ఆ ఉక్కలో, ఆ చెమటలో.

పిట్ట ఎగిరిపోయింది. ముల్లు పడుకుంది. అన్నయ్య కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత హెడ్‌ఫోన్లు తీసి నా ఒళ్ళో పడేసి లేచాడు. "ఇక్కడ లాభం లేదు. ఆ పెద్ద బండ అవతల కౌజులుండేవి. చూసొస్తాను. మెషీను తిరుగుతూ ఉండనీ" అని దిగి నడవడం మొదలుపెట్టాడు. నేను వెళ్ళొద్దు అనలేదు. ఏమనాలో తెలియక ఆ హెడ్‌ఫోన్లు నా చెవులకి పెట్టుకుని చూశాను. వెంటనే తీసేశాను. అందులో శబ్దం ఎంత పెంచి పెట్టుకున్నాడంటే, ఆకుపిట్ట చిక్‌మన్న ఒక్క చప్పుడు నా తలలో మేకు దించినట్టయింది.

తలెత్తి చూసేసరికి అన్నయ్య చాలా దూరం వెళ్ళాడు. చదును నేల మీద రెండు తీతువులు వాడి కాళ్ళ ముందు నుంచి లేచి, తల మీద తిరుగుతూ గీపెట్టాయి. తీతువు అరిస్తే కీడని మా ఇంట్లో వంటావిడ కూడా చెంపలు వేసుకునేది, నేను తిట్టేదాన్ని. దాని గూటి దగ్గరికి ఎవరొచ్చినా అరుస్తుంది, అంతకుమించి ఏమీ లేదు. అయితే మా అన్నయ్య చిన్నప్పటి నుంచీ తీతువు అరిచిందంటే పాదం గాల్లోనే ఆపి, నేల మీద గుడ్లున్నాయేమో వెతికి మరీ అడుగు వేసేవాడు. ఆ రోజు తలెత్తలేదు. అవి నెత్తి మీద గోల పెడుతుంటే చేతులు వెనక్కి కట్టుకుని నడుచుకుంటూ పోయాడు.

అప్పుడు విజిల్ వినపడింది.

ఫిల్మ్ నగర్ చుట్టుపక్కల విజిల్ అంటే షూటింగే అనుకుంటాం. రెండోసారి వినపడింది. మూడోసారికి, అన్నయ్య నడుస్తున్న వైపున్న పెద్ద బండ మీద నుంచి ఒక మనిషి ఎర్రగుడ్డ ఊపుతూ ఇవతలికి దూకి పరిగెత్తడం చూశాను. బండలు పేల్చే మందు కూరడానికి తొలిచిన బెజ్జాలు గుర్తొచ్చాయి.

"అన్నయ్యా!"

నా గొంతు చిన్నది కాదు. నేను కౌంటర్లో అరిస్తే మా మేనేజరు తన గదిలో కుర్చీలోంచి లేస్తాడు. వాడు తిరగలేదు. ఆ నున్నటి మెడ, నెరిసిన క్రాపు, వెనక్కి కట్టుకున్న చేతులు, ఏ తొందరా లేని నడక. చీర ఎత్తిపట్టుకుని పరిగెత్తాను. ముళ్ళు గీరుకోవడం తర్వాత ఇంటికెళ్ళాక చూసుకున్నాను. వాడి చొక్కా వెనక నుంచి పట్టుకుని గుంజి, ఇద్దరం ఒక బండ పక్కకి పడ్డామో లేదో నేల దడదడలాడింది. రాళ్ళు మా మీదుగా వెళ్ళి వెనక పొదల్లో పడ్డాయి. దుమ్ము కమ్మేసింది. మందు వాసన.

ఆ చప్పుడు మాత్రం అన్నయ్యకు బాగానే వినపడింది. "ఏమిటే అది?" అన్నాడు నన్ను చూసి.

దుమ్ములోంచి ఎర్రగుడ్డ మేస్త్రీ తిట్టుకుంటూ వచ్చాడు. "ఏందమ్మా గిది! మూడు పాలి విజిల్ ఊదిన! పానాల మీద ఫికర్ లేదా మీకు? ఇంత జర్రుంటే సారు తలకాయ లేకపోతుండె. చెవుడా ఏంది సారుకి?"

అన్నయ్య మొహం చూసి మేస్త్రీయే కొంచెం తగ్గి, "గీ ఫిల్మ్ నగర్‌ల గిదే పరేషాన్. విజిల్ ఊదితే దూరం ఉరకాలె గదా, షూటింగ్ అనుకొని జనం దగ్గరికి ఉరికొస్తరు. మొన్న ఒక ముసలామె గిట్లనే వచ్చింది, హీరో ఏడ అనుకుంట. మీరు గూడ గట్లనే అనుకున్నరా?" అన్నాడు.

"అవునయ్యా," అన్నాడు అన్నయ్య చొక్కా దులుపుకుంటూ. "షూటింగ్ అనుకున్నాను."

నా ఒళ్ళు మండిపోయింది. చచ్చి బతికినదానికన్నా ఆ అబద్ధానికి. షూటింగులో విజిల్ అంటే చప్పుడు చెయ్యొద్దని, అది ఊదితే ముందు కొయ్యబారిపోయేది సౌండ్ మనిషే. కాలి కింద ఎండుటాకు కూడా నలగనివ్వడు. ముప్పై ఏళ్ళు అలా బతికినవాడు, షూటింగ్ అనుకుంటే చేతులు కట్టుకుని అందులోకి నడుచుకుంటూ పోతాడా? మేస్త్రీ ముందు ఏమీ అనకుండా మెషీను సర్దాను. కారు తలుపు వేశాక అడిగాను.

"విజిల్ వినపడిందా, లేదా?"

"ఏదో ధ్యాసలో..."

"నేను అరిచింది?"

"దూరం కదే."

"తీతువులు?"

"ఏ తీతువులు?" అని, వెంటనే పెదాలు బిగించాడు.

"ఎప్పట్నుంచి అన్నయ్యా?"

"నేను చెబుతూనే ఉన్నానుగా, ఈ ఏడాది చలి లేక..."

"చలి లేకపోతే విజిల్ కూడా వలస రాలేదా?"

అన్నాక నాలిక కరుచుకున్నాను గానీ, ఆ మాటకే వాడు బండి స్టార్ట్ చెయ్యబోయినవాడు ఆపి, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చున్నాడు. ఎదురుగా అద్దం మీద దుమ్ము. వైపర్ వేశాడు. అది ఎండిన అద్దం మీద కీచుమని గీరింది, నాకు పళ్ళు పులిశాయి. వాడు నా మొహం చూశాడు, నేను పళ్ళు బిగించడం చూశాడు. వైపర్ ఆపాడు. మళ్ళీ వేశాడు. మళ్ళీ నా మొహం చూశాడు.

"దీనికి చప్పుడుందా?" అని అడిగాడు.

ఇంటి వైపు తిప్పలేదు కారు. ఫిల్మ్ నగర్‌లోకి దింపి, స్టూడియో గేటు దగ్గర హారన్ కొట్టాడు. ఆదివారం కావడంతో థియేటర్లో ఎవరూ లేరు. తాళం వాడి దగ్గరే ఉంటుంది. లోపల చీకటిగా, చల్లగా ఉంది. ఆ ఏడు నేను అనుభవించిన చలి అదొక్కటే. మెత్తటి గోడలు మన మాటల్ని కూడా మింగేస్తాయి. అన్నయ్య పొద్దుటి టేపు పెట్టి, వంద మీటలున్న బల్ల ముందు కూర్చుని, పక్క కుర్చీ చూపించాడు.

"పిట్ట వినపడినప్పుడల్లా చెయ్యెత్తు. మాట్లాడకు."

మాట్లాడకుండా ఉండడం నాకు అలవాటు లేని పని. చెయ్యెత్తాను. దించాను. మళ్ళీ ఎత్తాను. ఆకుపిట్ట, ఇంకో ఆకుపిట్ట, ఆ పైన సన్నగా సాగదీసేది. వాడు నా చేతిని, మీటరు ముల్లుని మార్చి మార్చి చూశాడు. రెండూ కలిసే లేస్తున్నాయి, కలిసే పడుతున్నాయి. తేనెపిట్ట దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దించే వీలు లేకపోయింది.

అప్పుడు అన్నయ్య ఒక మీట పట్టుకుని పైకి తిప్పడం మొదలుపెట్టాడు. తెరకి రెండు పక్కలా మనిషెత్తు స్పీకర్లు. తేనెపిట్ట గొంతు సన్నబడి, పదునెక్కి, గాజుని మేకుతో గీసినట్టయింది. ఇంకా తిప్పాడు. నేను రెండు చెవులూ మూసుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అరచేతుల్లోంచి కూడా దూరి గుచ్చుతోంది.

"ఇదిగో!" అన్నాడు అన్నయ్య. మొహం వెలిగిపోయింది. బందరు సైకిలు మీద ఉన్నప్పటి మొహం. "ఉందే! తేనెపిట్టే! పాడుతోందే అది!"

"తగ్గించన్నయ్యా," అన్నాను.

కొంచెం తగ్గించి నావైపు చూశాడు. తల అడ్డంగా ఊపాను. ఇంకా తగ్గించాడు. ఇంకా. నేను చెవుల మీద నుంచి చేతులు తీశాను. ఇంకొంచెం తిప్పాడు. పొద్దున కొమ్మ మీద విన్న పిట్ట వచ్చి నా ముందు వాలినట్టు ఉంది.

"ఇప్పుడు?"

"ఇప్పుడు సరిగ్గా ఉంది."

వాడు తల కొంచెం వంచి స్పీకర్ల వైపు చూస్తూ చాలాసేపు ఆగాడు. "ఇప్పుడు నాకు ఏమీ లేదు," అన్నాడు. ఆ మీట పక్కన పెన్సిలుతో చిన్న గీత పెట్టాడు.

తర్వాత, "అయితే ఆ గజ్జెలు..." అన్నాడు.

"ఊఁ."

"ఆ థియేటర్ వాణ్ణి అనవసరంగా తిట్టాను."

డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. వెళ్దామన్నాడు. వదినకు చెప్పాలన్నాను. చెబుదామన్నాడు. జీవితంలో వాడు నాతో వరసగా రెండు మాటలకి ఒప్పుకోవడం నేనెరగను. దానికే నాకు అన్నిటికన్నా ఎక్కువ భయమేసింది. కాసేపటికి వాడే అడిగాడు, "నువ్వు సెలవు పెట్టి ఈ కుర్చీలో కూర్చుంటే? ఇలాగే చెయ్యెత్తుతూ?"

కూర్చుంటాననే చెప్పబోయాను. అలా ఆ సినిమా గట్టెక్కేదే. ఎవరికీ తెలిసేది కాదు.

"ఈ సినిమా అయిపోతుంది," అన్నాడు వాడే మళ్ళీ. "తర్వాతదానికి కూడా నువ్వే వస్తావా? బ్యాంకు మానేసి?" నా జవాబు కోసం చూడకుండా పెన్సిలు జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడు తలుపు తోసుకుని ప్రొడక్షన్ మేనేజరు వచ్చాడు. అన్నయ్య కారు గేటు దగ్గర చూశాడట. కోనసీమ మనిషి, మాట ఎప్పుడూ నవ్వుతోనే మొదలుపెడతాడు. "ఆదివారం కూడా పనేనా సార్! అమ్మగారిని కూడా సినిమాల్లోకి దింపేశారా? రేపు తొమ్మిదింటికి కొబ్బరికాయ కొట్టేద్దామండీ, ప్రొడ్యూసర్‌గారు కూడా వస్తారు."

"రేపు నేను కూర్చోవడం లేదు," అన్నాడు అన్నయ్య. "ఇంకెవరినైనా పిలవండి. కావాలంటే ఆయన పక్కన ఉండి రీళ్ళు అందిస్తాను."

మేనేజరు నవ్వు సగంలో ఆగిపోయింది. "ఏంటి సార్, ఎవరేమన్నారు? హీరోగారేమైనా అన్నారా?"

"ఎవరూ ఏమీ అనలేదు."

"పోయినసారి టైటిల్స్‌లో మీ పేరు నలుగురితో కలిపి వేశారనా? ఈసారి విడిగా కార్డు వేయిస్తాను సార్, నాది పూచీ."

"అది కాదయ్యా."

"మరి ఆ డైరెక్టరు కుర్రాడు నోరు జారాడా? చెప్పండి సార్, కాళ్ళు పట్టిస్తాను."

ఆ ఊళ్ళో మనిషి పని వద్దన్నాడంటే అలిగాడనే లెక్క. అలక తీర్చడానికి వాళ్ళ దగ్గర అన్నీ ఉంటాయి, శాలువా దగ్గర్నుంచీ. ఇది అలక కాదని ఎన్నిసార్లు చెప్పినా అలక ముదిరిందనే అనుకుంటున్నాడు ఆ మనిషి. అన్నయ్య బల్ల వైపు తిరిగి, టేపు వెనక్కి చుట్టడం మొదలుపెట్టాడు. మేనేజరు వెళుతూ వెళుతూ తలుపు దగ్గర ఆగి, నన్ను చూసి సైగ చేసి, గొంతు బాగా తగ్గించి అన్నాడు: "ప్రొడ్యూసర్‌గారిని ఇప్పుడే తీసుకొస్తానమ్మా. అంతదాకా సార్‌ని కదలనివ్వకండి. ఆ చెవులు లేకపోతే మా సినిమా లేదు."

తలుపు మూసుకుంది. టేపు చుట్టడం ఆగింది. అన్నయ్య కుర్చీ తిప్పి నా పెదాల వైపు చూశాడు.

"ఏమన్నాడే?"

లేచి వాడి ఎదురుగా వెళ్ళి నిలబడి, ఒక్కొక్క మాటే గట్టిగా చెప్పాను.